జ్వరాల దారి చదివే మనిషి

నాలుగే అక్షరాలు దానికి. మనం పలక మీద యాభై ఆరు దిద్దుకుంటే గాని మాట రాతకు ఒదగదు; ఎబోలాకు నాలుగు చాలు. ఆ నాలుగింటినే అటూ ఇటూ పేర్చుకుని 19 వేల దాకా వరుస కడుతుంది. దాని ఒళ్ళూ అదే, దాని బతుకూ అదే. తల్లి బిడ్డ చెమట తుడిచినప్పుడు, కొడుకు తండ్రి శవానికి స్నానం చేయించినప్పుడు, నర్సు సూది తీసినప్పుడు ఆ వరుస ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దాటుతుంది. దాటిన ప్రతిచోటా తనను తాను మళ్ళీ మళ్ళీ రాసుకుంటుంది. ఆ తొందరలో ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. రెండు మూడు వారాలకు సుమారుగా ఒకటి. దిద్దుకునే ఓపిక దానికి లేదు. పడిన తప్పు పడినట్టే వెంట వస్తుంది, దాని పిల్లల్లోకి, పిల్లల పిల్లల్లోకి.

ఆ తప్పులకు మొక్కుతున్నాను. ఇద్దరు రోగుల నెత్తుట్లో ఒకే చోట ఒకే తప్పు కనిపిస్తే, ఆ ఇద్దరి జ్వరాలు ఎక్కడో వెనక ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. ఒకరిలో ఉన్న తప్పులన్నీ రెండోవారిలోనూ ఉండి, పైన ఇంకొకటి చేరితే, ఎవరి తరవాత ఎవరో తెలుస్తుంది. ఇలా వంద మందివి పక్కపక్కన పరిస్తే, ఎవరూ చూడని ఆ నడక, ఏ ఊరి చావు నుంచి ఏ ఊరి మంచం దాకా వెళ్ళిందో, కొమ్మలు వేసిన చెట్టుగా పైకి లేస్తుంది. ఆ చెట్టును పశ్చిమాఫ్రికా నేల మీదే నిలబెట్టాలని జీవితమంతా పట్టుబట్టిన ఒక మనిషి ఉన్నారు. ఆయన పేరు క్రిస్టియన్ హాపి. ఈ నాలుగు మాటలూ ఆయనకు.

హాపి గారూ, మీరు కామెరూన్‌లో పుట్టారు. యావుండేలో జీవరసాయనశాస్త్రం చదివారు. పై చదువుకు సరిహద్దు దాటి నైజీరియాలోని ఇబాడాన్ చేరారు. అక్కడ మీ ముందున్న ప్రశ్న మలేరియా. తరతరాలుగా జ్వరాన్ని దింపిన క్లోరోక్విన్ మాత్ర ఉన్నట్టుండి పిల్లల ఒంట్లో ఓడిపోతోంది. ఎందుకు? పరాన్నజీవి తన జన్యువుల్లో ఏ అక్షరాలు మార్చుకుని మందును బయటికి తోసేస్తోంది? మీరు పసిపిల్లల నెత్తుటి చుక్కల్లో పీఎఫ్‌సీఆర్‌టీ, పీఎఫ్‌ఎండీఆర్1 అనే రెండు జన్యువుల జాడ పట్టుకుని, ఏ మార్పు ఉంటే మందు పనిచేయడం లేదో చూపించారు. జ్వరం పేరు చెప్పడంతో వైద్యుడి పని అయిపోదు, ఆ జ్వరం ఈ ఏడు ఏం కొత్తగా నేర్చుకుందో కూడా చెప్పాలి. మీ తరవాతి ముప్పై ఏళ్ళ పనికి పునాది ఆ పిల్లల మంచాల దగ్గరే పడింది.

మలేరియా మాట వస్తే తెలుగువాళ్ళు ఊరుకోలేరు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లో, బేగంపేటలో. ఆ దోమలు తాగింది హుసేన్ ఖాన్ అనే రోగి నెత్తురు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ కాలపు పద్ధతి ఎలా ఉండేదో ఆ ఒక్క జంటలో కనపడుతుంది. నెత్తురు ఒకరిది, చదువు ఇంకొకరిది. చెయ్యి చాచి దోమకాటు పడినవాడికి తన నెత్తుట్లో ఏముందో ఎవరైనా విడమరిచి చెప్పారో లేదో చరిత్ర రాయలేదు.

లాసా కథా అంతే. 1969లో నైజీరియా ఈశాన్యంలోని లాసా అనే ఊళ్ళో ఒక మిషన్ నర్సు జ్వరంతో పడిపోయింది. పేరు లారా వైన్. జోస్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బతకలేదు. ఆమెకు సేవ చేసిన నర్సు షార్లెట్ షా కూడా పోయింది. ఆ ఇద్దరినీ చూసుకున్న పెనీ పినియో మూడోది. ఆమెను విమానంలో న్యూయార్క్ తీసుకెళ్ళారు, బతికింది. ఆ నెత్తురు యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. దాన్ని పరీక్షిస్తూ జోర్డీ కసాల్స్ అనే శాస్త్రవేత్త తనే జబ్బుపడి, పినియో ప్లాస్మాతో ప్రాణం దక్కించుకున్నాడు. వైరస్ దొరికింది. లోకానికి ఒక కొత్త క్రిమి తెలిసింది. లాసా ఊరికి మాత్రం జ్వరం పేరు మిగిలింది. మంచు పెట్టెల్లో నమూనాలు సముద్రాలు దాటేవి. నెలల తరవాత జవాబు వచ్చేసరికి రోగి మట్టిలో కలిసిపోయి ఉండేవాడు. పరిశోధన పత్రాలు మాత్రం వచ్చేవి, మంచి కాగితం మీద, చక్కటి పటాలతో.

మీరు హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయానికి వెళ్ళి పనిచేశారు. అక్కడ ఉండిపోతే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కరెంటు పోని గదులు, ఆర్డరు పెట్టిన మర్నాడు చేతికొచ్చే రసాయనాలు, పేరున్న సహచరులు. మన ఇళ్ళల్లోంచి వెళ్ళిన ఎంతమంది బిడ్డలు అక్కడే స్థిరపడి మంచి పని చేయడం లేదు? వాళ్ళను తప్పుపట్టను. తిరిగొచ్చినవాళ్ళను చూస్తే మాత్రం నా గుండె నిండుతుంది, దాచుకోలేను. మీరు నైజీరియాకు తిరిగొచ్చారు. పుట్టిన దేశం కూడా కాదది, జబ్బులు చూసిన దేశం.

మీతో కలిసి నడిచిన మనిషి పేరు పార్డిస్ సబెటి. టెహ్రాన్‌లో పుట్టి, ఇరాన్ విప్లవం రోజుల్లో చిన్నపిల్లగా అమెరికా చేరి, హార్వర్డ్‌లో ఆచార్యురాలైన ఆమెకు మనుషుల జన్యువుల్లో పాత గాయాలు వెతకడం వచ్చు. ఏ మార్పు ఒక జాతికి ప్రాణం పోసిందో, ఏ మార్పు ఉన్నవాళ్ళే బతికి పిల్లల్ని కన్నారో గుర్తుపట్టే గణిత పద్ధతిని ఆమె తయారుచేసింది. 2007లో ఆ పద్ధతిలో నైజీరియాలోని యొరుబా ప్రజల జన్యువుల్ని వడకడితే లార్జ్ అనే జన్యువు దగ్గర ఒక బలమైన గుర్తు తేలింది. లాసా వైరస్ మన కణంలోకి దూరాలంటే ఆ జన్యువు ముస్తాబు చేసే ద్వారం గుండానే దూరాలి. ఆ యొరుబా ప్రజలు ఏ ఊరివాళ్ళు? ఇబాడాన్ వాళ్ళు. మీరు చదువుకున్న ఊరు. 1969లో కొత్తదని లోకం పేరు పెట్టిన జ్వరం, వేల ఏళ్ళుగా ఆ ప్రజలతో కాపురం చేస్తూ ఉండొచ్చన్నమాట. తరవాత 2015లో లాసా వైరస్ జన్యుక్రమాలు చదివి, వెయ్యేళ్ళకు పైగా అది నైజీరియా ప్రాంతంలోనే తిరిగిందని, అక్కడి నుంచి మెల్లగా పడమరకు, సియెర్రా లియోన్ దాకా వెళ్ళిందని చూపించారు. ఒక ఊరి ముసలివాళ్ళకు కూడా గుర్తులేని చరిత్ర ఎలుక మోసుకు తిరిగే క్రిమిలో చెక్కుచెదరకుండా ఉంది.

అలా ఇర్రువా ఆసుపత్రి, కెనెమా ఆసుపత్రి మీ ఇద్దరి పనికి రెండు కళ్ళయ్యాయి. ఇర్రువా నైజీరియాలోని ఎడో రాష్ట్రంలో ఉంది. కెనెమా సియెర్రా లియోన్ తూర్పు కొసన. రెండిట్లోనూ లాసా వార్డులు. కెనెమా లాసా వార్డును ఏళ్ళ తరబడి నడిపిన డాక్టర్ అనీరు కాంటే 2004లో ఆ లాసాతోనే చనిపోయారు. ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒక యువకుడు ముందుకొచ్చాడు. షేక్ హుమార్ ఖాన్. ఆ కుర్చీ ఎవరిదో, ఎలా ఖాళీ అయిందో తెలిసే వచ్చాడు.

2014 మే 25న కెనెమా ప్రయోగశాలలో ఒక స్త్రీ నెత్తుట్లో ఎబోలా తేలింది. సియెర్రా లియోన్‌లో అదే మొదటిది. అంతకు ముందు గినీ అడవి అంచున, మెలియాండు అనే పల్లెలో, 2013 డిసెంబరులో రెండేళ్ళ పసివాడితో మొదలై, మూడు నెలలు పేరు లేకుండా తిరిగి, మార్చిలో పేరు బయటపడిన జ్వరం అది. సరిహద్దు దగ్గర ఒక నాటువైద్యురాలు చనిపోతే చుట్టుపక్కల ఆడవాళ్ళు చివరి చూపుకు వెళ్ళారు. ఏ ఊళ్ళో అయినా వెళ్తారు కదా. శవాన్ని కడిగారు, పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపు వెంటే జ్వరం ఇళ్ళకు వచ్చింది.

కెనెమాలో తీసిన నమూనాల్లోని వైరస్‌ను ముందు చంపి, హాని లేకుండా చేసి, అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. 78 మంది రోగులు, 99 జన్యుక్రమాలు. ఫలితం వచ్చినది వచ్చినట్టు, పత్రం అచ్చయ్యేదాకా ఆగకుండా, జూన్‌లోనే అందరూ చూసేలా బయట పెట్టేశారు. అది ఎంత పెద్ద మాటో శాస్త్రలోకంలో మెలిగినవాళ్ళకు తెలుసు. అక్కడ ఫలితాన్ని ముందుగా విప్పి చూపడమంటే పేరు పోగొట్టుకోవడానికి సిద్ధపడడమే. ఆ చెట్టు చెప్పిన సంగతులు రెండు. జంతువు నుంచి మనిషికి దూకడం ఒక్కసారే జరిగింది. ఆ తరవాతదంతా మనిషి నుంచి మనిషికే. రెండోది, గినీలో వేరుపడిన రెండు కొమ్మలు సియెర్రా లియోన్‌లోకి చేరింది ఆ నాటువైద్యురాలి చావు దగ్గరే. అడవి మాంసం తినొద్దని చెబితే సరిపోదని, మంచం దగ్గర, పాడె దగ్గర మనుషుల్ని కాపాడుకోవాలని ఆ అక్షరాలు చెప్పాయి. ఎవరి ఊహా కాదది. పోయినవాళ్ళ నెత్తురే సాక్ష్యం చెప్పింది.

ఆ పత్రం 2014 ఆగస్టు చివర్లో సైన్స్ పత్రికలో అచ్చయింది. రచయితల్లో మీ పేరూ ఉంది. అచ్చయ్యేనాటికి ఆ రచయితల్లో ఐదుగురు లేరు. షేక్ హుమార్ ఖాన్, జూలై 29న, 39 ఏళ్ళ వయసులో. ఎంబాలు ఫొన్నీ, వార్డులో అందరికీ పెద్దదిక్కైన నర్సమ్మ. అలెక్స్ మొయిగ్బోయ్. ఆలిస్ కొవోమా. మొహమ్మద్ ఫుల్లా. ఐదుగురినీ ఎబోలాయే తీసుకుపోయింది. పరిశోధన పత్రాల్లో రచయితల పేర్ల మీద మన చూపు ఆగదు, చిన్న అక్షరాల్లో ఉంటాయి, దాటేసి లోపలికి వెళ్ళిపోతాం. ఈ ఒక్క పత్రం దగ్గర ఆగండి. ఆ ఐదు పేర్లూ పైకి చదవండి. వాళ్ళు చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, చెమటతో కళ్ళు మూసుకుపోతున్నా సూది వణక్కుండా తీసిన నెత్తురే ఆ 99 వరుసలు.

ఖాన్ జ్వరంతో పోరాడుతున్న వారంలోనే లాగోస్‌కు మీ పరీక్ష వచ్చింది. జూలై 20న లైబీరియా నుంచి విమానం దిగిన ఒక ప్రయాణికుడు విమానాశ్రయంలోనే కుప్పకూలాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. మలేరియా అనుకున్నారు. అక్కడ డాక్టర్ అమేయో స్టెల్లా అడడెవో అనే ఆవిడ రోగిని చూసి, ఇది మలేరియా కాదని పట్టుకుంది. వదిలిపెట్టమని ఎంత ఒత్తిడి వచ్చినా గుమ్మం దాటనివ్వలేదు. లాగోస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి ప్రయోగశాల, మీ ప్రయోగశాల నెత్తురు చూశాయి. సముద్రం అవతలి జవాబు కోసం నైజీరియా ఎదురుచూడలేదు. గంటల వ్యవధిలో మీరు తేల్చారు. ఎబోలా.

కోట్ల మంది జనం, ఒకరి భుజం ఒకరికి రాసుకునే బజార్లు, కిక్కిరిసిన మినీ బస్సులు, నాలుగు దిక్కులకూ విమానాలు. ఆ నగరంలో ఇంకో వారం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం. పోలియో నిర్మూలనకు కట్టుకున్న యంత్రాంగాన్ని రాత్రికి రాత్రి ఎబోలా మీదికి తిప్పారు. రోగులను తాకిన దాదాపు 900 మందిని వెతికి పట్టుకుని, ఇరవై ఒక్క రోజులు ఇంటింటికీ తిరిగి జ్వరం చూశారు. లాగోస్‌లో, పోర్ట్ హార్‌కోర్ట్‌లో మొత్తం 20 మందికి సోకింది, 8 మంది పోయారు. అక్టోబరు 20న నైజీరియాలో ఎబోలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. గినీ, సియెర్రా లియోన్, లైబీరియా మూడు దేశాల్లో అదే జ్వరం 28 వేల మందికి పైగా సోకి, 11 వేల ప్రాణాలు తీసింది. తరవాత మీ బృందం ఆ నైజీరియా రోగుల వైరస్‌లను చదివితే, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవని తేలింది. ఒక్క మనిషితో లోపలికి వచ్చింది, అక్కడికక్కడే ఆగింది. గుమ్మంలో అడ్డంగా నిలబడిన అడడెవో ఆగస్టు 19న అదే జ్వరంతో వెళ్ళిపోయింది. స్టెల్లా అమ్మా, నీకు తెలుగు నేల నుంచి దండం.

ఇక ఎడె. నైజీరియాలో ఒసున్ రాష్ట్రంలో, ఒసున్ నది దగ్గరి యొరుబా పట్నం. పక్కనే ఒసోగ్బోలో ఒసున్ దేవత పవిత్రవనం ఉంది, యునెస్కో వారసత్వ జాబితాలో ఎక్కిన వనం. ఎడె రాజును తిమి అంటారు. గడిచిన శతాబ్దంలో ఇక్కడ ఏలిన తిమి లావోయె మాట్లాడే డోలు వాయించడంలో దేశదేశాల పేరు పొందాడు. యొరుబా మాటకు హెచ్చుతగ్గుల స్వరం ఉంటుంది, డోలు తాళ్ళు బిగిస్తూ వదులుతూ ఆ స్వరాన్నే పలికిస్తారు. ఆ ఊళ్ళో, రిడీమర్స్ విశ్వవిద్యాలయంలో, మీరు పార్డిస్ గారితో కలిసి అంటువ్యాధుల జన్యుశాస్త్రానికి ఒక ఆఫ్రికా కేంద్రం నిలబెట్టారు. ఏసీజిడ్ అని అంతా పిలిచిన సంస్థ. ప్రపంచ బ్యాంకు సాయం అందింది. ఇర్రువా, ఇబాడాన్, కెనెమా, సెనెగల్‌లోని డకార్ విశ్వవిద్యాలయం, అన్నీ చేతులు కలిపాయి.

ప్రయోగశాల అంటే తెల్ల కోటు, మెరిసే గాజు అనుకుంటాం. ఈ పని నిజంగా ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. ఎర్రమట్టి దారిలో మోటారు సైకిల్ మీదో, ఆసుపత్రి బండిలోనో ఒక డబ్బా వస్తుంది. అందులో మంచు, మంచు మధ్య మూతపెట్టిన చిన్న గొట్టం, గొట్టంలో ఒక తల్లి బిడ్డ నెత్తురు. ముందు వైరస్‌ను చంపుతారు. ఆర్‌ఎన్‌ఏను విడదీస్తారు. అది నిలవ ఉండదు, తేలిగ్గా చిట్లుతుంది. కాబట్టి వెంటనే డీఎన్‌ఏగా మారుస్తారు. ముక్కలు చేస్తారు. ఒక్కో రోగి ముక్కలకు ఒక్కో గుర్తు అతికిస్తారు, కలిసిపోకుండా. యంత్రం లోపల ఒక్కో అక్షరం చేరినప్పుడల్లా చిన్న వెలుగు వెలుగుతుంది. కోట్ల వెలుగులను లెక్కపెట్టి అక్షరాలుగా రాస్తుంది. కరెంటు పోతే జనరేటర్ మోగుతుంది. రసాయనాలు రేవులో ఇరుక్కుంటే ఉన్నవాటితో నెట్టుకురావాలి. ఫ్రీజర్ ఒక్కసారి వేడెక్కితే నెలల కష్టం నీళ్ళపాలు. అర్ధరాత్రి ఆ జనరేటర్ దగ్గరికి పరుగెత్తే సాంకేతికుణ్ణి, నిద్రమత్తులో కూడా గొట్టం మీద అంకె తప్పు రాయని పిల్లను కూడా ఈ స్తుతిలో కలుపుకుంటున్నాను. అక్కడ అంకె తప్పితే ఒకరి జ్వరం ఇంకొకరి పేరున పడుతుంది.

2018 మొదట్లో నైజీరియాలో లాసా జ్వరం ఎప్పుడూ లేనంతగా విరుచుకుపడింది. వైరస్ మారిపోయిందా, ఎబోలా మాదిరి మనిషి నుంచి మనిషికి పాకడం నేర్చుకుందా అని దేశమంతా భయం. ఆ భయానికి జవాబు అక్షరాల్లోనే ఉంది. ఇర్రువా రోగుల వైరస్‌లు చదివితే అవి ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు కావు. చాలావరకు ఎవరి వైరస్ వాళ్ళ ఊరి ఎలుక నుంచే విడివిడిగా వచ్చింది. కొత్త కొమ్మ మొలవలేదు, పాత చెట్టే. అంటే చేయాల్సిన పని ధాన్యం గాదెల దగ్గర, ఇంటి చూరు కింద. భయపడి పొరుగువాణ్ణి వెలివేయాల్సిన అవసరం లేదు. రోగి పక్కన కూర్చోవడానికి జంకే చుట్టాలకు ఇంతకన్నా పెద్ద ఊరట ఏముంటుంది? ఆ ఏడాది చివర్లో అదే ఎడో రాష్ట్రంలో యువకులు జ్వరంతో రాలిపోతుంటే లాసా పరీక్ష కాదంది. ఏం వెతకాలో తెలియనప్పుడు అన్నీ చదవడమే దారి. నెత్తుట్లో ఉన్న సమస్త అక్షరాలనూ చదివి, కొద్ది రోజుల్లోనే మీ బృందం చెప్పింది: పచ్చ జ్వరం, ఎల్లో ఫీవర్. టీకా ఉన్న జబ్బు.

2020 ఫిబ్రవరి 27. ఇటలీ నుంచి వచ్చిన ప్రయాణికుడి ఒంట్లో నైజీరియా తొలి కరోనా. నమూనా మీ చేతికి వచ్చిన రెండు మూడు రోజుల్లో 30 వేల అక్షరాలూ చదివి లోకం ముందు పెట్టారు. ఆఫ్రికా ఖండం మీద చదివిన మొదటి కరోనా జన్యుక్రమం అదే. ఆ సంవత్సరం మనమూ ఈ మాటలన్నీ నేర్చుకున్నాం. హబ్సిగూడ సీసీఎంబీలో శాస్త్రవేత్తలు కరోనా రకాలను చదువుతూ, హైదరాబాద్ మురుగునీటిలో కూడా వైరస్ జాడ వెతుకుతుంటే, ఆ పేరు పేపర్లలో రోజూ చూశాం. 2020 డిసెంబరులో దేశంలో పది ప్రయోగశాలలు కలిపి ఒక కూటమి కట్టినప్పుడు అందులో సీసీఎంబీ ఒకటి. కానీ దేశంలో చదవడం చాలా తక్కువగా, చాలా నెమ్మదిగా సాగింది. 2020 అక్టోబరు నమూనాల్లోనే ఉన్న డెల్టా, 2021 ఏప్రిల్‌లో మన వీధుల్లోకి వచ్చేసరికి ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు పెడుతున్నాం. ముందే చదివి, చదివింది ముందే వినే ఏర్పాటు మనకూ ఉండి ఉంటే అన్న బాధ ఇప్పటికీ నాకు తగ్గదు.

చదివి చెప్పినందుకు శిక్ష పడిన రోజూ ఉంది. 2021 నవంబరు 25న దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ సంగతి చాటితే, ధనిక దేశాలు మర్నాటి నుంచే దక్షిణ ఆఫ్రికా విమానాలకు తలుపులు మూశాయి. కొన్నాళ్ళకు మీ నైజీరియాకూ బ్రిటన్ ఎర్ర జాబితా తప్పలేదు. నిజం ముందు చెప్పినవాడి వాకిలికే కంచె వేసే లోకంలో మళ్ళీ చెప్పాలంటే ఎంత గుండె కావాలి! మీరు మళ్ళీ చెప్పారు. ఆఫ్రికా దేశాల నుంచి వందల మందిని ఎడెకు పిలిచి ఎలా చదవాలో నేర్పుతూనే ఉన్నారు.

ఎంపాక్స్ సంగతి చెప్పకుండా ఆపలేను. 2017లో నైజీరియాలోని బయెల్సా రాష్ట్రంలో డాక్టర్ డిమీ ఒగోయినా ఒక బాలుడి ఒంటి మీది పొక్కులు చూసి, దశాబ్దాలుగా అక్కడ కనపడని జబ్బును గుర్తుపట్టారు. ఇది మనుషుల మధ్యే, దగ్గరి స్పర్శతోనే పాకుతున్నట్టుందని హెచ్చరించారు. లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2022లో అదే వైరస్ ఐరోపా, అమెరికాల్లో తేలితే అప్పుడు గగ్గోలు పుట్టింది.

మీరు, మీ సహచరులు నైజీరియా, కామెరూన్ రోగుల వైరస్‌లను పక్కపక్కన పెట్టారు. ఎంపాక్స్‌ది డీఎన్‌ఏ. అక్షరాలు రెండు లక్షలకు కాస్త తక్కువ. ఎబోలాలా తొందరపడదు, తప్పులు తక్కువ. కానీ మనిషి ఒంట్లో దానికొక ఎదురుదెబ్బ ఉంది. అపోబెక్3 అనే మన ఎంజైము వైరస్ డీఎన్‌ఏ మీద పడి, కొన్ని ప్రత్యేకమైన చోట్ల అక్షరాలు మార్చేస్తుంది. వైరస్‌ను పూర్తిగా చంపలేకపోయినా గాటు పెట్టి వదులుతుంది. జంతువుల నుంచి అప్పుడే దూకిన వైరస్‌కు ఆ గాట్లు ఉండవు. మనిషి నుంచి మనిషికి ఎంతకాలం తిరిగితే అన్ని గాట్లు. గాట్లు లెక్కపెడితే కాలం తెలుస్తుంది. 2025లో నేచర్ పత్రికలో మీరు ఆ లెక్క తేల్చారు. కామెరూన్‌లో జబ్బు మళ్ళీ మళ్ళీ జంతువుల నుంచే దూకుతోంది. నైజీరియాలో మాత్రం 2014లోనే మనుషుల్లోకి వచ్చి, దక్షిణ ప్రాంతమంతా ఎవరికీ తెలియకుండా తిరిగింది. లోకం నిద్ర లేవడానికి ఎనిమిదేళ్ళ ముందు.

2014! లాగోస్‌లో ఎబోలాను మీరు గుమ్మంలోనే ఆపిన ఏడు. ఒక జ్వరాన్ని అంత గొప్పగా పట్టుకున్న దేశంలోనే, అదే ఏడు, ఇంకో జ్వరం ఎవరి కంటా పడకుండా నడక మొదలుపెట్టింది. ఈ నిజాన్ని మీరే వెతికి, మీ పేరు మీదే ప్రకటించారు. నాకు మీ మీద గౌరవం రెట్టింపైంది అక్కడే. ఒక నగరంలో వెలిగిన యంత్రం సరిపోదని, పల్లె ఆసుపత్రి దాకా ఆ చూపు చేరాలని మీకు ముందే తెలుసు. 2020 నుంచి పార్డిస్ గారితో కలిసి సెంటినెల్ పేరుతో మీరు కడుతున్నది దాన్నే. ఊరి ఆసుపత్రిలో తేలిగ్గా చేసే పరీక్ష, అక్కడ తేలనిది ప్రాంతీయ ప్రయోగశాలకు, అక్కడా తేలనిది ఎడెకు. చదివింది మళ్ళీ వెనక్కి, ఆ ఊరి నర్సు ఫోన్‌కే.

నైజీరియా, కామెరూన్ సరిహద్దు అడవిలో గీత ఎక్కడుందో వైరస్‌కు తెలియదు. అడవికి ఒక వైపు మీరు పుట్టారు, రెండో వైపు మీ ప్రయోగశాల ఉంది. ఇవాళ రెండు వైపుల నుంచీ పిల్లలు వచ్చి మీ దగ్గర చదవడం నేర్చుకుంటున్నారు. లైబీరియా నుంచి వస్తున్నారు, సెనెగల్ నుంచి వస్తున్నారు. ఖాన్ పనిచేసిన కెనెమా నుంచి కూడా వస్తున్నారు, నేర్చుకుని తిరిగి కెనెమాకే వెళ్తున్నారు.